మే నెల జీతం చూసి మురిసిపోకు చెల్లీ

యూకేలో గార్డెన్ సెంటర్‌లో, అంటే మొక్కలు అమ్మే పెద్ద షాపులో, ఉద్యోగం వచ్చిందన్నావు, చాలా సంతోషం. మార్చిలో చేరుతున్నావు కాబట్టి జూన్ దాకా ఊపిరాడనంత పని ఉంటుంది. స్టూడెంట్ వీసా అయితే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు, మిగతా రూల్స్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకో.

నేను 2009 ఫిబ్రవరిలో ఇక్కడే ఇంగ్లండ్‌లో లెస్టర్ ఊరి దగ్గర ఇలాంటి షాపులోనే చేరాను, అప్పుడు గంటకు 5.73 పౌండ్లు. మాది కడియం పక్క ఊరు, నర్సరీల మధ్యే పెరిగాను, మొక్కల గురించి వీళ్లు నాకు నేర్పేదేముంటుంది అనుకున్నాను. మొదటి తప్పు నీళ్ల దగ్గరే. మన దగ్గర ఏప్రిల్ ఎండలకి రెండు పూటలా తడపాల్సిందే. ఆ అలవాటుతో ఇక్కడి మార్చి చలిలో కూడా పొద్దున, సాయంత్రం పైపు పట్టుకుని ఆకుల మీదుగా తడిపేశాను. పది రోజుల్లో ప్రిమ్‌రోజ్‌ల మొదళ్లలో బూడిద రంగు బూజు, లావెండర్ వేళ్లన్నీ కుళ్లు. కుండీ ఎత్తి బరువు చూడాలని అప్పుడు తెలిసింది. తేలిగ్గా ఉంటే పొద్దున్నే మట్టిలో పోయాలి, బరువుగా ఉంటే దాని జోలికి పోకూడదు. ఇప్పుడు రెండు వేళ్లతో అంచు పట్టి లేపితే చాలు, నాకు తెలిసిపోతుంది.

రెండోది ఇంకా పెద్దది. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసింది కదా అని జెరేనియంలు, బిగోనియాలు నాలుగు ట్రాలీలు బయట బెంచీల మీద రంగులవారీగా సర్దాను, పెళ్లిపందిరిలా ఉంది. ఆ రాత్రి ఫ్రాస్ట్ పడింది, అంటే గడ్డకట్టే చలికి పేరుకునే మంచు. తెల్లారి చూస్తే బిగోనియా ఆకులు ఉడికిన తోటకూరలా నల్లగా వాలిపోయాయి, వేలు పెడితే నీరు కారింది. జీతంలో కోస్తారేమోనని టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు, మా ఆయన ఫీజు కట్టాల్సిన నెల అది. కోయలేదు. షాపుల్లో సరుకు నష్టం జీతంలో పట్టుకోవాలంటే ముందే కాంట్రాక్ట్‌లో రాసి ఉండాలి, అదీ ఒక్కో జీతంలో పదో వంతు దాటకూడదు. ఇది చేరకముందే చదువుకో. చలికి ఆగని మొక్కల్ని మే సగం దాటేదాకా రాత్రిళ్లు లోపల పెట్టు, లేదంటే ఫ్లీస్ (మొక్కల మీద వేసే పల్చటి బట్ట) కప్పు.

సర్దడం కష్టం కాదు. సగం ఖాళీగా ఉన్న బెంచీ దగ్గర ఎవరూ ఆగరు, అందుకే రెండు సగం బెంచీల్ని కలిపి ఒకటి నిండుగా చెయ్యి. వాడిన పూలు రోజూ గిల్లెయ్యి, పాత సరుకు ముందుకు జరుపు, లేబుల్ మనిషి వైపు తిప్పు. హైడ్రేంజియాల్ని మాత్రం మధ్యాహ్నపు ఎండలో పెట్టకు.

అసలు భయపడాల్సింది జనవరికి. ఇప్పుడొచ్చే పిల్లలు మే నెల ఓవర్‌టైమ్ చూడగానే రూపాయల్లోకి లెక్కేసుకుని ఇంటికి పంపేస్తారు. నేనూ నాన్న అప్పుకి అలాగే పంపాను. క్రిస్మస్ చెట్లు అమ్ముడుపోగానే నా గంటలు వారానికి 40 నుంచి 12కి పడిపోయాయి, అద్దెకి స్నేహితురాలి దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె గుమ్మం ముందు నిలబడ్డ సంగతి నాకు ఇంకా గుర్తుంది. అందుకని మే, జూన్ జీతాల్లోంచి రెండు నెలల అద్దె వేరే అకౌంట్‌లో పడేసెయ్, అమ్మ అడిగినా తియ్యకు. వారానికి కనీసం ఎన్ని గంటలు గ్యారంటీయో కాగితం మీద రాయించుకో, మాట మీద నమ్మకు. అలా జాగ్రత్తపడే ఈరోజు సొంత ఇంట్లో ఉన్నాం, మొక్కల విభాగం మొత్తం నేనే చూస్తున్నాను.

బూట్లు, వాటర్‌ప్రూఫ్ కోటు కంపెనీ ఇస్తుందేమో అడిగాకే కొనుక్కో. నేను అడక్కుండా 45 పౌండ్లు పెట్టాను, రెండో రోజు వాళ్లే ఇచ్చారు.