వయ్యారిభామ పీకేముందు

అల్లుడూ,

కౌలుకు తీసుకున్న చేను ఫోటో చూశాను. గట్ల మీద తెల్లగా పూసినదంతా వయ్యారిభామే. ఆదివారం స్నేహితులతో కలిసి పీకేస్తానన్నావు. కాస్త ఆగు, ఇది చదివాక దిగు.

దాని ఆకు మీద, కాడ మీద సన్నటి నూగు ఉంటుంది. ఎండకు ఎదురుగా పట్టుకుంటే తెలుస్తుంది. పార్థెనిన్ అనే చేదు పదార్థం ఉండేది ఆ నూగులోనే. మొక్కలు 15 కార్బన్ పరమాణువులతో అల్లుకునే సెస్క్విటెర్పీన్ల జాతిది. ఆ చేదుకే చాలా పురుగులు, పశువులు దాని జోలికి రావు. ఆకు రాలి కుళ్ళితే అదే నేలలోకి దిగి పక్క విత్తనాన్ని మొలవనివ్వదు. అందుకే పీకినదాన్ని చేలో కుప్ప వేయకు.

మనుషులకు వచ్చేసరికి చర్మం మీద పడుతుంది. నేను 30 ఏళ్ళు ఒట్టి చేతులతో పీకాను, ఏమీ కాలేదు. తర్వాత ఒక ఏడు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రగా కందిపోయి, రాత్రంతా గోక్కుంటూ కూర్చున్నాను. ఒంటికి పడకపోవడం ఒకసారి మొదలైతే అంత తేలిగ్గా వదలదు. ఇప్పుడు చేమంతి దండ ముట్టుకున్నా నాకు దురదే. అదీ ఈ కుటుంబం మొక్కే, దాంట్లోనూ ఇలాంటి పదార్థాలే ఉంటాయి. కాబట్టి ఇంతకాలం ఏం కాలేదుగా అనుకోకు. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ ఉండాల్సిందే. ఇంటికి రాగానే స్నానం చెయ్యి, ఆ బట్టలు విడిగా ఉతుక్కో. ఆస్తమా ఉన్న స్నేహితుణ్ణి మాత్రం పిలవకు.

పూసినవాటిని దులపకుండా కోసి సంచిలో కట్టెయ్యి, ఒక్కో మొక్కకు వేల గింజలు. మళ్ళీ మొలిచినవి నెల, నెలన్నరకే పూతకొస్తాయి. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా లాగెయ్. పూత రానివైతే గోతిలో వేసి కంపోస్టు చేసుకోవచ్చు.

ఇంకోటి. తెల్లటి వీపు మీద నల్లటి వంకర గీతలున్న చిన్న పెంకు పురుగులు ఆ ఆకుల మీద కనిపిస్తే మందు కొట్టకు. 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో జాతి అది. మిగతా పురుగులు ముట్టని ఆ చేదాకే వాటికీ వాటి పిల్లలకూ తిండి. చివుళ్ళు కొరికేస్తాయి, మొక్కకు పూత పట్టదు. వానలకు నేలలోంచి బయటికొస్తాయి. మన చెరువుగట్టున ఏటా ఆగస్టుకు ఉంటాయి. మూతకు చిల్లులు పెట్టిన డబ్బా పట్టుకుని రా, ఏరి ఇస్తాను. చేత్తో పీకలేని ఆ రాళ్ళ గట్టు మీద వదులుదువుగాని.

మీ మామయ్య