జర్మనీలోని పెద్ద చర్చి కొలోన్ కెథీడ్రల్‌లో టవర్ ఎక్కాలా, లోపల చూస్తే సరిపోతుందా?

మోకాళ్లు సహకరిస్తే ఎక్కండి. మొత్తం 533 మెట్లు, లిఫ్ట్ లేదు. దారి ఇరుకు, గుండ్రంగా తిరుగుతూ పోతుంది; ఎదురొచ్చేవాళ్లకు గోడకు ఒదిగి దారి ఇవ్వాల్సిందే. మధ్యలో 24 టన్నుల పెద్ద గంట దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. పైనుంచి రైన్ నది, రైలు వంతెన కనిపిస్తాయి.

టైమ్ తక్కువుంటే మాత్రం నా ఓటు లోపలికే. 1248లో మొదలుపెట్టి, మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు ఆపేసి, 1880లో పూర్తిచేసిన గోతిక్ అనే మధ్యయుగ యూరప్ శైలి కట్టడం ఇది (మన ఫ్లైఓవర్లే నయం!). ఎండున్న మధ్యాహ్నం, దక్షిణం వైపు, జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ రూపొందించిన కిటికీ కింద నిలబడండి. 72 రంగుల గాజు ముక్కల వెలుగు నేలమీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ప్రార్థన వేళల్లో మాత్రం తిరగనివ్వరు.

స్టేషన్ పక్కనే, వెతుక్కోనక్కర్లేదు.