చెట్టు చుట్టూ చుక్‌చుక్: క్రిస్మస్ రైలు సందేహాలు

డిసెంబరు వచ్చేసరికి చెట్టు కింద రైలు తిప్పడం గురించి ఉత్తరాంధ్ర పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో తరచుగా వచ్చిన వాటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: మా మరిది అమెరికా నుంచి పిల్లలకు హెచ్‌వో రైలు సెట్టు (అసలు రైలులో 87వ వంతు కొలత) తెచ్చాడు. ముందుగదిలో నాలుగడుగుల ప్లాస్టిక్ చెట్టు ఉంది. రైలుకి ఎంత చోటు కావాలి? ప్లగ్గు ఇక్కడ పెట్టొచ్చా? (ఒక గృహిణి, విజయనగరం)

జవాబు: ముందు ప్లగ్గు సంగతి. అడాప్టరు మీద ‘ఇన్‌పుట్’ అన్న చోట ఏముందో చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే పిన్నులు మార్చే ముక్క తగిలించుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టగానే కాలిపోతుంది. పిన్ను మార్చే ముక్క పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. చాలా సెట్లు మొదటిరోజే పోయేది ఇక్కడే. 230 నుంచి 110కి దించే చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎలక్ట్రికల్ షాపులో అడగండి. అడాప్టరు మీద రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

ఇక చోటు. ఇలాంటి సెట్లలో మామూలుగా వచ్చే వంపు ముక్కల వ్యాసార్థం 18 అంగుళాలు. అవి 12 కలిస్తే ఒక చుట్టు, అడ్డంగా కొలిస్తే 36 అంగుళాలు. మలుపులో పెట్టెలు పట్టాల బయటికి పొడుచుకొస్తాయి కాబట్టి 4×4 అడుగుల బల్ల కావాలి. 12 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటులో సగం కోయించండి. పండగయ్యాక అటకెక్కించాలనుకుంటే 4×2 ముక్కలు రెండు చేయించి, కింద చెక్కపట్టీలు వేసి బోల్టులతో బిగించండి. రెండు బల్లలు కలిసే గీత మీదే పట్టాల అతుకులు కూడా పడేలా చూసుకోవాలి. లేకపోతే విడదీసేటప్పుడు పట్టా వంగుతుంది. పట్టాలను మొజాయిక్ నేల మీద నేరుగా పరిస్తే చీపురు దుమ్మంతా గేర్లలోకే పోతుంది.

చెట్టు స్టాండు కాళ్లు చుట్టు లోపల, పట్టాలకు కనీసం రెండంగుళాల ఎడంగా ఉండాలి. కింది కొమ్మలు పట్టాకి 10 సెం.మీ. ఎత్తున ఉంటే ఇంజను తగలదు. అవి వాలిపోతుంటే చెట్టును చిన్న పీట మీదికెక్కించండి.

ప్రశ్న: వైరు తగిలించిన వైపు రైలు బాగా పరిగెడుతుంది. అవతలి వైపు నీరసపడుతుంది, వేలితో తోస్తే కదులుతుంది. ఇంజను పోయినట్టేనా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: ఇంజనుకి ఢోకా లేదు, లోపం పట్టాల్లో ఉంది. పైన చెప్పిన 18 అంగుళాల వంపులైతే చుట్టుకొలత సుమారు 2.87 మీటర్లు, అందులో 12 అతుకులు. కరెంటు ఒక్కో అతుకు దాటేటప్పుడు కొంత వోల్టేజి తగ్గుతుంది. వైరుకి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటే అన్నిటికన్నా ఎక్కువ నష్టపోతుంది. ఆ చోట పట్టాలకు ఇంకో జత వైర్లు సోల్డరింగ్ చేసి, బల్ల కింద నుంచి మొదటి జతకు కలపండి. బయటి పట్టాకి ఎర్ర వైరు, లోపలి పట్టాకి నల్ల వైరు. రెండు చోట్లా ఇదే వరస పాటించాలి, తారుమారైతే షార్టు అవుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనించకండి, కింది ప్లాస్టిక్ కరుగుతుంది.

వదులైన అతుకుల క్లిప్పులను ప్లయర్‌తో మెల్లగా నొక్కితే బిగుస్తాయి. తర్వాత పట్టాకి ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఉక్కు, మన సముద్రగాలికి రెండో ఏడాదికే తుప్పు పడుతుంది. బ్యాక్‌మన్ కంపెనీ ఈజీ ట్రాక్ పట్టాల్లో ప్లాస్టిక్ అడుగుభాగం నల్లగా ఉన్నది ఉక్కు, బూడిదరంగులో ఉన్నది నికెల్ సిల్వర్ (ఉక్కులా తుప్పు పట్టని మిశ్రలోహం). కొత్తగా కొంటే రెండోదే కొనండి. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలుగుడ్డ చాలు. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, మురికి ఆ గీతల్లో కూర్చుంటుంది. ఇంజను చక్రాలు కూడా అదే గుడ్డతో తుడవండి. గేర్లలో కొబ్బరినూనె వద్దే వద్దు, జిగురై పట్టేస్తుంది.

ప్రశ్న: చెట్టు కింద దూదితో మంచు పరిచాం. రైలు నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోతోంది. (విద్యార్థులు, నెల్లిమర్ల)

జవాబు: దూది పోగులు ఇరుసుకి చుట్టుకుంటున్నాయి. ఇంజను తిప్పి, ట్వీజరుతో పోగులు లాగేయండి. పట్టాకి రెండు పక్కలా మూడంగుళాల మేర దూది ఉండకూడదు. అసలు నెల్లిమర్లలో మంచెందుకు? డిసెంబరులో మన పొలాల్లో ఉండేవి వరికుప్పలు. ఫెవికాల్‌లో అంతే నీళ్లు కలిపి, గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేసి పూయండి, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు చల్లండి. ముందే పట్టాల మీద టేపు అంటించాలి. గడ్డిపోచలను కత్తిరించి కట్టలు కడితే కుప్పలు తయారు.

ప్లాస్టిక్ చెట్టుకి బదులు సరుగుడు కొమ్మ నాటేవారు రోజూ ఒకసారి బ్రష్‌తో పట్టాలు ఊడవాలి. అది ఎండేకొద్దీ సన్నని పుల్లలు రాలుతూనే ఉంటాయి. తళుకు తోరణాలు పట్టాల మీద పడనివ్వకండి. వాటి లోహపు పూత రెండు పట్టాలను కలిపి షార్టు చేస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చవక సీరియల్ లైట్ల సెట్లు చాలావాటిలో అడాప్టరు ఉండదు, 230 వోల్టులు ఆ సన్నని వైరులోనే పారుతుంది. అది పట్టాలకు ఒరుసుకుని తొడుగు తెగితే పిల్లలు ముట్టుకునే పట్టాలకే ఆ కరెంటు వస్తుంది. రైలున్న చెట్టుకి అడాప్టరుతో నడిచే లైట్లే కట్టండి.

ప్రశ్న: నౌపడ–గుణుపురం చిన్నరైలు నమూనా చేయొచ్చా? (విశ్రాంత ఉద్యోగి, టెక్కలి)

జవాబు: భేషుగ్గా. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన ఆ లైను వెడల్పు అప్పట్లో 762 మి.మీ. దాన్ని హెచ్‌వో కొలతకి తేవడానికి 87తో భాగిస్తే 8.76. హెచ్‌వో కన్నా చిన్నదైన ఎన్ స్కేలు రైళ్ల పట్టా వెడల్పు 9 మి.మీ. అంటే ఎన్ పట్టాలు, ఎన్ ఇంజను అడుగుభాగం తీసుకుని, పైన 1:87 కొలతల్లో అట్టతోనో ప్లాస్టిక్ షీటుతోనో పెట్టెలు కడితే మన చిన్నరైలే. విదేశాల్లో దీన్ని హెచ్‌వోఈ అంటారు. బ్రాడ్‌గేజ్‌కి ఈ సౌకర్యం లేదు. దాని 1676 మి.మీ. వెడల్పు 19.3 అవ్వాలి, హెచ్‌వో పట్టా 16.5 మాత్రమే. ఇంకో లాభం, కేటో కంపెనీ 249 మి.మీ. వ్యాసార్థపు వంపులు 8 వేస్తే చుట్టు అడ్డం అర మీటరే. రెండడుగుల బల్ల మీద చిన్న చెట్టు చుట్టూ సరిపోతుంది. కట్టిన పెట్టెలు తేలికైతే మలుపులో పడిపోతాయి, వాటి లోపల అడుగున నట్లు అంటించి బరువు పెంచండి.

ప్రశ్న: నాలుగడుగుల బల్ల మీదే వంతెన వేసి రెండంతస్తులు చేయొచ్చా? (ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: వద్దు. కింద రైలు దూరాలంటే 7.5 సెం.మీ. ఎత్తు కావాలి. మీటరుకి 2 సెం.మీ. చొప్పున ఎక్కితే ఆ ఎత్తుకి 3.75 మీటర్లు పడుతుంది, మీ చుట్టు మొత్తం మూడు మీటర్లు కూడా లేదు. ఇంకా నిటారుగా వేస్తే చక్రాలు జారతాయి.