పొలాల వెంట తిరగబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగం వచ్చిందని, రోజూ స్కూటీ మీద పొలాల వెంట తిరగాలని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కానీ ఏప్రిల్‌లో, అదీ పల్నాడులో చేరుతున్నావనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. ఏఎన్ఎంగా 26 ఏళ్ళు రెంటచింతల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగినదాన్ని. ఆ ఎండ సంగతి నాకు తెలుసు.

వేడి వేరు, చర్మాన్ని కాల్చే కిరణాలు వేరు. వేడి మధ్యాహ్నం మూడింటికి ఎక్కువ. ఆ కిరణాలు మాత్రం పన్నెండు, పన్నెండున్నరకే ముదిరిపోతాయి. పొద్దున పదింటికి ఇంకా గాలి చల్లగానే ఉందిలే అని మొహం కప్పుకోకుండా బయల్దేరతాం, అక్కడే దెబ్బ తింటాం. అందుకే గాలిని కాదు, నీడను చూసుకో. నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే చర్మానికి గడ్డుకాలమే. పొలాలు ఏడింటికే మొదలుపెట్టి, ఆ వేళకి ఏ చెట్టు కిందో కూర్చుని రాతపని చేసుకో.

ముందు బట్ట, తర్వాతే క్రీము. మిర్చి కోతకు వచ్చే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టుకుంటారు చూడు, నేను వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. నీ చున్నీని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడు. అవతల ఊచలు కనిపిస్తే అది ఎండను ఆపదు. నేత దగ్గరగా ఉన్న ముదురు రంగు నూలు బట్ట తీసుకో. చల్లగా ఉంటుందని చున్నీ తడిపి మొహానికి కట్టుకుంటారు గానీ, తడిసిన నూలులోంచి ఆ కిరణాలు ఇంకా ఎక్కువ దిగుతాయి. తడిగుడ్డ తలకు చుట్టుకో, మొహానికి, మెడకు పొడిది కట్టుకో.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 ఉంటే మనల్ని కమిలించే కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం డబ్బులు పొయ్యకు. డబ్బా మీద పీఏ, పక్కన మూడు ప్లస్‌లు ఉన్నాయో లేదో చూడు, మచ్చలు తెచ్చే ఇంకో రకం కిరణాలను కూడా ఆపుతుందని దానర్థం. చూపుడు వేలు, మధ్య వేలు మొదట్నించి చివరిదాకా గీత గీసినంత పడుతుంది మొహానికి, మెడకి. చెవుల పైభాగం మరిచిపోకు. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, చెమట పడితే ఇంకా ముందే. స్కూటీ డిక్కీలో మాత్రం పెట్టకు, ఆ వేడికి పాడైపోతుంది.

మనం చామనఛాయవాళ్ళం, మనకేమవుతుందిలే అనుకోకు. మంగు మచ్చలు మనకే ఎక్కువ. నాకూ బుగ్గల మీద వచ్చాయి. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. పదిహేను రోజులకే మొహం తేటపడింది. ఆస్పత్రిలో పనిచేసేదాన్ని అయ్యుండి కూడా దాని మీద ఏం రాసుందో చదవలేదు. ఏడాదిన్నర వాడాను. మానేసిన వారానికి మొహం కందగడ్డలా ఎర్రబడి, పొయ్యి దగ్గర నిలబడితే మంట. చర్మం పల్చబడి బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. అందులో స్టెరాయిడ్ ఉందని చర్మం డాక్టరు చెప్పారు. అమ్మలూ, డాక్టరు చీటీ లేకుండా మొహానికి ఏ ట్యూబూ కొనకు. తెల్లబడటం మనకు అక్కర్లేదు. నీ రంగు బంగారం.

ఇంకో మాట, నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్ళకు, బొబ్బలెక్కుతుంది. మొటిమలకి డాక్సీసైక్లిన్ బిళ్ళలు వాడుతుంటే చర్మం ఇట్టే కమిలిపోతుంది, డాక్టరుకి నీ తిరుగుడు ఉద్యోగం సంగతి చెప్పు. కమిలితే చన్నీళ్ళ గుడ్డ వెయ్యి, ఐసు ముక్క రుద్దకు. బొబ్బలొస్తే చిదమకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు.

మీ పెదనాన్నవి రెండు ముదురు నీలం చొక్కాలు ఉతికి పార్సిల్లో పంపుతున్నాను. చేతులు పొడుగనిపిస్తే మడవకు, అరచేతి వెనకదాకా రానివ్వు. కాలరు లేపి వేసుకో. బండి మీద ముందుకు వంగినప్పుడు మెడ వెనక కమిలేది అక్కడే.

మీ పెద్దమ్మ