కంప్యూటర్ సైన్స్ వద్దట, వానల లెక్క చదువుతుందట... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి చాలా ఏళ్లయింది, కేఆర్ పురంలో ఉంటున్నాం. ఊళ్లో శెనక్కాయ చేను ఇప్పటికీ మా నాన్నగారే చూసుకుంటున్నారు. మా అమ్మాయి ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివింది, ఇప్పుడు సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బయాలజీ. వాతావరణం మారడం వల్ల వ్యవసాయానికీ, రాష్ట్ర ఆదాయానికీ ఏమవుతోందో చదువుతానని పట్టుబడుతోంది. అది తిండి పెట్టే చదువేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్కసారి 2024 మార్చి గుర్తు చేసుకోండి. మీ ప్రాంతంలో ట్యాంకర్ల కోసం జనం ఎంత అవస్థ పడ్డారో నేను మీకు చెప్పక్కర్లేదు. అది ఆ ఎండాకాలంలో మొదలైన కథ కాదండీ, అంతకుముందు ఏడాది వానలు ముఖం చాటేయడంతో మొదలైంది. 2023లో కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరవు తాలూకాలని ప్రభుత్వమే ప్రకటించింది. వాన లేకపోతే పంట పోతుంది, అది అందరికీ తెలుసు, కానీ అక్కడితో ఆగదు: శరావతి మీద లింగనమక్కి లాంటి జలాశయాల్లో నీళ్లు తగ్గితే జలవిద్యుత్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే రైతులు బోరు మోటార్లు ఎక్కువ సేపు ఆడిస్తారు, కరెంటు కొరత రెండు వైపుల నుంచీ పెరుగుతుంది. ఆ అక్టోబరులో రాష్ట్రంలోని ఉత్పత్తి సంస్థలు కరెంటు బయటికి అమ్మకుండా ఇక్కడికే ఇవ్వాలని ప్రభుత్వం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ వాడాల్సి వచ్చింది. కరవు సాయంగా కేంద్రాన్ని 18,171 కోట్లు అడిగి, అందక సుప్రీంకోర్టుకి వెళితే, ఆఖరికి వచ్చింది 3,450 కోట్ల పైచిలుకు.

మీ అమ్మాయి చదువుతానంటున్నది ఈ గొలుసునే. ఆ ఏడాది ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానలు తగ్గే పరిస్థితి) ఉంది కాబట్టి నష్టమంతా వాతావరణ మార్పు ఖాతాలో రాసేయకూడదు. ఎంత ఎల్ నినో వల్ల, ఎంత వేడెక్కుతున్న భూమి వల్ల, ఎంత మనం చెరువులు పూడ్చుకోవడం వల్ల అని విడదీసి లెక్క చెప్పగలిగేవాళ్లు కావాలి. అలాంటివాళ్లు మనకి నిజంగా చాలా తక్కువగా ఉన్నారు, అందుకే నేను ఈ పిల్ల వైపే మాట్లాడుతున్నాను.

మీ నాన్నగారిని అడిగి చూడండి. ఏడాది మొత్తం వాన సరిపోయిందని కాగితం మీద ఉంటుంది, కానీ శెనగ చెట్టు ఊడలు నేలలోకి దిగే సమయానికి ఇరవై రోజులు వాన లేక బెట్ట పడితే కాయ ఊరదు. కొడగు కాఫీదీ అలాంటి సంగతే, ఫిబ్రవరి, మార్చిల్లో పూతకి ఒక వాన కావాలి, అదే వాన కోత రోజుల్లో కురిస్తే కళ్లంలో ఆరబెట్టిన గింజ పాడవుతుంది. ఎంత కురిసింది అన్నదానికన్నా ఎప్పుడు కురిసింది అన్నది ముఖ్యం. అదును, పదును అనే మాటలు ఇంట్లో వింటూ పెరిగిన పిల్లకి ఇది వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక కోర్సు సంగతి. డిగ్రీ పేరులోనే వాతావరణ మార్పు ఉన్న కొత్త కోర్సుకి లక్షలు కట్టేయకండి. ముందు ఒక గట్టి సబ్జెక్టు చేతిలో ఉండాలి, వాతావరణం దాని మీద కట్టుకోవచ్చు. నాకు కనిపించే మంచి దారులు రెండు. బెంగళూరు జీకేవీకే క్యాంపస్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్, ఆ తర్వాత వ్యవసాయ ఆర్థికశాస్త్రంలోనో, వ్యవసాయ వాతావరణశాస్త్రంలోనో ఎంఎస్సీ. అమ్మాయి చదువంతా ఇక్కడే కాబట్టి ఆ సీటు కోసం కేసీఈటీ (కర్ణాటక ప్రవేశ పరీక్ష) రాయడానికి ఇబ్బంది లేదు. రెండోది ఎకనామిక్స్ డిగ్రీ, గణితం, స్టాటిస్టిక్స్ తప్పకుండా కలిపి. బెంగళూరులోనే అంబేడ్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఉంది. పొలం మీద మనసుంటే మొదటిది, లెక్కల మీద ఉంటే రెండోది. ఏదైనా సరే ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి, అంటే మీరు కోరుకునే కంప్యూటరు ఎటూ పోదు.

ఉద్యోగాలు ఉన్నాయండీ. వ్యవసాయ, గ్రామీణ రుణాల బ్యాంకు నాబార్డ్‌లో అధికారి ఉద్యోగానికి గ్రేడ్ ఏ పరీక్ష ఉంది, ఎకనామిక్స్‌లో పీజీ చేస్తే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది, పరిశోధన అంటే హైదరాబాద్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా (CRIDA), ఇక్కడ ఐఐఎస్‌సీలో వాతావరణ మార్పు మీద పనిచేసే దివేచా కేంద్రం, నాగరభావిలో సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ ఐసెక్ (ISEC) ఉన్నాయి. బీమా రంగాన్ని మాత్రం చాలామంది గమనించరు. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహారధాన్యాలకీ, నూనెగింజలకీ రైతు కట్టేది 2 శాతమే, మిగతా ప్రీమియం ప్రభుత్వాలు భరిస్తాయి. ఆ ప్రీమియం ఎంత ఉండాలి, ఏ ప్రాంతంలో దిగుబడి ఎంత తగ్గితే ఎంత పరిహారం ఇవ్వాలి అన్నది లెక్కగట్టే పని ఉంది చూశారా, అందులో తప్పు జరిగితే నష్టపోయేది మీ నాన్నగారి లాంటి రైతే.

జీతం గురించి దాచను. మొదటి నాలుగైదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకన్నా తక్కువే వస్తుంది, పీజీ లేకుండా మంచి ఉద్యోగం కష్టం. ఇంటి అప్పు, ఈఎంఐలు అమ్మాయి సంపాదన మీద ఆధారపడి ఉంటే ఆ మాట ఇప్పుడే తనతో కూర్చుని చెప్పండి, ఫీజు కట్టేశాక కాదు.

ఒక పని చేయించండి. పరీక్షలయ్యాక పదిరోజులు ఊరికి పంపండి. గత పదేళ్లలో ఏ కార్తెలో విత్తనం వేశారో, ఏ ఏడు బెట్ట పడిందో, ఎన్ని బస్తాలొచ్చాయో తాతగారిని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయమనండి, తర్వాత ఆ మండలం వర్షపాతం లెక్కలతో పోల్చి చూడమనండి. మూడో రోజుకే విసుగొస్తే మనం మళ్లీ మాట్లాడుకుందాం. నోట్‌బుక్ నిండితే మాత్రం ఫోటో తీసి నాకు పంపండి, ఏ కోర్సో అది చూసి చెప్తాను.