డాక్టర్ సలహా: అక్క వాడే హార్మోన్ మాత్రలు నేనూ వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 50. నెలసరి ఆగి 16 నెలలైంది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు, రెండు గంటలు కూడా నిద్ర ఉండటం లేదు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. గర్భసంచి తీయించుకున్న మా అక్క చాలా ఏళ్లుగా హార్మోన్ మాత్రలు వాడుతోంది. ఆ చీటీ మీదే మందుల షాపులో తెచ్చుకుని ఐదు వారాలుగా వేసుకుంటున్నాను. ఆవిర్లు బాగా తగ్గాయి. మధ్యలో రెండు రోజులు కొద్దిగా మరక కనిపించింది, మళ్లీ లేదు. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఈ మాత్రలతో క్యాన్సర్ వస్తుందని అందరూ భయపెడుతున్నారు. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగింది మాత్రల గురించే అయినా, ఒక్క వాక్యంలో దాటేసిన ఆ మరక గురించే నేను ముందుగా మాట్లాడాలి. నెలసరి ఆగి ఏడాది నిండిన తర్వాత రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కే అయినా, దానంతటదే ఆగిపోయినా, పరీక్ష చేయించకుండా వదలకూడదు. గర్భసంచి లోపొరలో వచ్చే క్యాన్సర్ చాలామందిలో మొదట ఇలాగే బయటపడుతుంది. తొలిదశలో పట్టుకుంటే ఎక్కువ మందికి ఆపరేషన్‌తో నయమవుతుంది. ఇలా మరక కనిపించిన వారిలో అధికభాగానికి చివరికి తేలేది లోపొర పలచబడటమో, చిన్న పాలిపో (లోపొర మీద పెరిగే చిన్న కండ), వేసుకున్న హార్మోన్ ప్రభావమో కాబట్టి బెంబేలెత్తవద్దు. కానీ మీ విషయంలో అది ఏదన్నది పరీక్షలోనే తేలాలి.

అందువల్ల ఆ మాత్రలు ఈరోజే ఆపేసి, ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. బీపీ మాత్ర మాత్రం ఆపవద్దు. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో లోపొర మందం చూస్తారు. అది 4 మిల్లీమీటర్లు దాటితే, లేదా మరక మళ్లీ కనిపిస్తే, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. గర్భసంచి ముఖద్వారాన్ని కూడా పరీక్షించి అక్కడి క్యాన్సర్‌ను పసిగట్టే పాప్ పరీక్ష చేయించమనవచ్చు.

ఇక మీ అక్కగారి మాత్రలు. గర్భసంచి లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తాం. గర్భసంచి ఉన్నవారు అదే ఒంటరిగా వాడుతూ పోతే లోపొర మందమవుతూ పోయి, కొంతకాలానికి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 1975 నాటికే వైద్యులు దీన్ని గుర్తించారు, ఆ తర్వాతే గర్భసంచి ఉన్నవారికి, లోపొర మందం కాకుండా కాపాడే ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ జోడించడం నియమమైంది. ఐదు వారాల్లో అంత నష్టం జరిగిపోయిందని నేను అనడం లేదు; అయితే ఆవిర్లు తగ్గాయన్న సంతోషంలో మీరు ఐదేళ్లు వాడి ఉండేవారు, నా భయం అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. అంటే మన ఇళ్లలో అక్కకో, వదినకో, తోడికోడలికో ఇలాంటి చీటీ ఒకటి ఉండటం మామూలే, అది చేతులు మారడమూ మామూలే అయిపోయింది. ఒకే తల్లి బిడ్డలైనా మీ ఇద్దరి శరీరాలు ఈ మందు దగ్గర ఒకటి కావు. దయచేసి ఇంకెవరికీ ఆ చీటీ ఇవ్వవద్దని అక్కగారికీ చెప్పండి. ఆవిడ తన డాక్టరును చివరిసారి ఎప్పుడు కలిశారో కూడా అడగండి. అండాశయాలు కూడా చిన్న వయసులోనే తీసేసినవారికి 50 ఏళ్ల వరకైనా హార్మోన్ ఇవ్వడం ఎముకలకు, గుండెకు మంచిదే, కానీ ఆపై ఏటా పునఃపరిశీలన ఉండాలి.

క్యాన్సర్ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి మందు) కలిపి వాడిన ప్రతి 10,000 మందిలో ఏడాదికి సుమారు 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ కనిపించింది. ఆ మహిళల సగటు వయసు 63. 60 ఏళ్లలోపు, నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతుల్లో, ఆవిర్లు నిద్రను చెడగొడుతుంటే, చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువని ఇప్పుడు భావిస్తున్నాం. వయసు ప్రకారం మీరు ఆ వర్గంలోనే ఉన్నారు. పిన్నిగారికి క్యాన్సర్ రావడం ఒక్కటే మీకు హార్మోన్‌ను నిషేధించదు; ఆవిడకు ఏ వయసులో వచ్చింది, అమ్మకు గాని అక్కచెల్లెళ్లకు గాని ఉందా అన్నది డాక్టరుకు చెప్పండి, మామోగ్రామ్ (రొమ్ముల ఎక్స్‌రే) చేయించుకోండి. మీకే రొమ్ము క్యాన్సర్, కాళ్లలో గాని ఊపిరితిత్తుల్లో గాని రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, గుండెపోటు వచ్చి ఉన్నా, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నా మేము సాధారణంగా ఇవ్వం. మరకకు కారణం తేలనంత వరకూ ఇవ్వం.

మీ బీపీ ఎంత ఉందో రాయలేదు. అది అదుపులో ఉంటే హార్మోన్‌కు అడ్డు కాదు. బీపీ ఉన్నవారికి నేను మాత్ర కంటే చర్మానికి రాసే జెల్ వైపే మొగ్గుతాను, ఎందుకంటే కాలేయం గుండా వెళ్లదు కాబట్టి రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువ. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. అది ఎక్కువైనా ఇవే చెమటలు, ఇదే నిద్రలేమి. హార్మోన్ వద్దని తేలినా ఆవిర్లకు వేరే మందులు ఉన్నాయి, అంతేగాని సోయా గుళికలో, ఆకు పసరులో సొంతంగా మొదలుపెట్టవద్దు.

మిమ్మల్ని చూడకుండా మందు పేరు గాని మోతాదు గాని రాయడం నాకు సాధ్యం కాదు. మిమ్మల్ని పరీక్షించే డాక్టరు నిర్ణయమే చివరిది. వెళ్లేటప్పుడు ఆ మాత్రల అట్ట తీసుకువెళ్లండి. మాత్రలు ఏ తేదీన మొదలుపెట్టారు, మరక ఏ తేదీన కనిపించింది అన్నది కాగితం మీద రాసుకోండి. అక్కగారి చీటీ మీద వాడానని చెప్పడానికి మొహమాటపడవద్దు, ఆ ఒక్క మాట దాచితే స్కానింగ్ ఫలితాన్ని డాక్టరు తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉంది.