మిల్లర్ల అసోసియేషన్‌లో చేరితే చందా కట్టడం తప్ప ఉపయోగం ఉందా?

అడిగిన ప్రశ్న: "తణుకు దగ్గర మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. ఇన్నాళ్ళూ నాన్నగారు చూసుకున్నారు, ఈ సార్వా (ఖరీఫ్) నుంచి నా చేతికొచ్చింది. అసోసియేషన్‌లో చేరమని ఒకటే ఫోన్లు. చందాలు, సన్మానాలు తప్ప అక్కడ జరిగేది ఏమైనా ఉందా? అసలు ఈ యజమానుల సంఘాలు ఎందుకు పుట్టాయి?"

చేరండి. అయితే వాళ్ళు ఫోన్‌లో చెప్పే కారణాల కోసం మాత్రం చేరకండి. ఆఫీసుల్లో పలుకుబడి, పెద్దవాళ్ళతో పరిచయాలు ఉన్నవాడికే ఉంటాయి, సభ్యత్వం రసీదుతో రావు. చిన్న మిల్లుకి అసోసియేషన్ అసలు అక్కరకొచ్చేది ముఠా రేట్ల దగ్గర. ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. నాది గోదావరికి తూర్పున, కాలవ గట్టు మీద పచ్చి బియ్యం ఆడే మిల్లు. రేట్ల కమిటీలో కొన్నేళ్ళు కూర్చున్నాను కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

సార్వా కోతలు ఊపందుకునేది నవంబర్‌లో. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. తడిస్తే మొలకొస్తుందని రైతు ధాన్యాన్ని కళ్ళంలో ఉంచుకోలేడు, ఎలాగోలా మిల్లుకి చేర్చాలని చూస్తాడు. గేటు దగ్గర నుంచి గట్టు పొడుగునా లారీలు, ట్రాక్టర్లు బారులు తీరతాయి. సరిగ్గా ఆ వారం ముఠా పని ఆపేస్తే ఒంటరి మిల్లువాడు ఎన్నాళ్ళు తట్టుకుంటాడు? రెండో రోజుకి అడిగినంతా ఇచ్చేస్తాడు. మర్నాడు పక్క మిల్లు ముఠా అదే రేటుకి ఇంకో రూపాయి కలిపి అడుగుతుంది. అలా ఒకరి తర్వాత ఒకరు. ఇందులో కూలీలను తప్పుపట్టడానికేమీ లేదండి. వాళ్ళ మాట చెల్లేది ఆ కొద్ది వారాలే, పనిలేని నెలల్లో వాళ్ళని పలకరించే నాథుడు ఉండడు. కాకపోతే ఏ మిల్లుకి ఆ మిల్లు విడిగా మాట్లాడుకుంటే రెండు వైపులా ఎవరికీ నిలకడ ఉండదు. అందుకే మా దగ్గర కోతలకి ముందే, అన్ని మిల్లులకీ కలిపి, ఒకే రేటు కాగితం రాసుకుంటారు.

ఆ కాగితం ఒకసారి అడిగి చూడండి. లారీ నుంచి దింపి కాటా మీద పెట్టడానికి ఒక రేటు. కాటా నుంచి గోడౌన్‌లోకి మోసి పేర్చడానికి ఇంకొకటి, వరుసలు ఎత్తు పెరిగితే దాని మీద అదనం. బస్తా విప్పి గోతిలో పోయడానికి, బియ్యం సంచి కుట్టి లారీకి ఎత్తడానికి, తౌడుకి, ఊకకి అన్నీ వేరువేరు. ఒక దఫా మాటలు సంచి బరువు దగ్గర ఆగిపోయాయి. మన వైపు ధాన్యం లెక్కంతా 75 కిలోల బస్తా మీద కదా. సర్కారు కొనుగోలులో వచ్చేది 40 కిలోల సంచి. బరువు దాదాపు సగమే కాబట్టి కూలీ కూడా సగమే ఇస్తామని మావాళ్ళు పట్టుబట్టారు. "వంగి లేవడం రెండిటికీ ఒకటే కదండీ, నడిచే దూరం ఒకటే కదండీ" అన్నాడు ముఠా మేస్త్రి. మాలో ఒక పెద్దాయన క్యాలిక్యులేటర్ తీసి టన్నుకి ఎంత పడుతుందో చాలాసేపు చూపించాడు గానీ, మేస్త్రి అన్నదానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. టీలు రెండుసార్లు తిరిగాక ముప్పావు రేటుకి తెగింది. ఈ బేరం నా మిల్లు గుమ్మంలో, లారీలు నిలబడి ఉండగా జరిగితే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఒప్పందం ఎవరి ముందు జరిగిందన్నది కూడా చూసుకోవాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఒక మెలిక ఉండేది. ఇద్దరూ విడిగా రాసుకున్నది సంతకం పెట్టినవాళ్ళకే వర్తిస్తుంది. లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు కుదిరితే ఆ సంస్థలో పనిచేసే కార్మికులందరికీ, తర్వాత చేరేవాళ్ళకి కూడా వర్తిస్తుంది. అక్కడ మిల్లు యజమాని స్వయంగా నిలబడనక్కర్లేదు, తన అసోసియేషన్ ఆఫీస్ బేరర్‌ని పంపుకోవచ్చు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. మీరు రాసుకునేది దాని ప్రకారమే ఉండాలి కాబట్టి పాత కాగితం జిరాక్స్ తీసి తేదీలు మార్చి సంతకాలు పెట్టమంటే ఒప్పుకోకండి. ముఠా, జట్టు, హమాలీ కార్మికుల కోసం మన రాష్ట్రంలో 1976లోనే విడిగా ఒక చట్టం చేశారు. అది మిల్లువాళ్ళలో చాలామందికి తెలియనే తెలియదు.

ఇక ఎందుకు పుట్టాయన్న ప్రశ్న. ఒక్కో సంఘానికి ఒక్కో భయం. బొంబాయి బట్టల మిల్లు యజమానులు 1875లో సంఘం పెట్టుకున్నప్పుడు వాళ్ళ బెంగ కూలీల గురించి కాదు, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లుల గురించి. బొంబాయి నూలు తమకి పోటీ వస్తోందని, ఇక్కడ కూడా ఫ్యాక్టరీ చట్టం పెట్టమని అక్కడి మిల్లులవాళ్ళు ఒత్తిడి చేస్తున్న రోజులవి. చివరికి 1881లో వచ్చిన చట్టం ఏడేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని, పన్నెండేళ్ళ లోపువాళ్ళతో రోజుకి తొమ్మిది గంటలకి మించి చేయించకూడదని చెప్పింది. పెద్దవాళ్ళ పనిగంటల జోలికే పోలేదు. ఆ మాత్రం దానికి కూడా అంత రగడ!

కలకత్తా జనపనార మిల్లులవాళ్ళ భయం వేరు. తమ మిల్లులే ఎక్కువ సరుకు తీసి ధర పడగొడుతున్నాయని. 1884లో సంఘం పెట్టి, రెండేళ్ళకే పని గంటలు తగ్గించుకుందామని ఒప్పందం రాసుకున్నారు. 1930ల్లో సంఘంలో చేరని మిల్లులు ఎక్కువ గంటలు నడిపి సొమ్ము చేసుకుంటుంటే లోపలివాళ్ళు కుతకుతలాడారు. బయట ఉన్నవాడికి లాభం, లోపల ఉన్నవాడికి కట్టుబాటు. మా కాలవ గట్టు మీదా అంతే. సంతకం పెట్టి, రాత్రిపూట ముఠాకి విడిగా డబ్బిచ్చి పని చేయించుకునే మిల్లు ప్రతి దఫా ఒకటైనా ఉంటుంది. అసోసియేషన్ చేయగలిగిందల్లా మీటింగ్‌లో మొహం చిట్లించుకోవడమే.

కూలీలకు ఎదురుగా నిలబడే యజమానుల ఐక్యత అందరికీ తెలిసేలా బయటపడింది 1918లో అహమ్మదాబాద్‌లో. బట్టల మిల్లుల యజమానుల వైపు అంబాలాల్ సారాభాయ్, కార్మికుల వైపు ఆయన సొంత అక్క అనసూయా బెన్, ఆవిడ పక్కన గాంధీ. కార్మికులు కూలి 35 శాతం పెంచమన్నారు, యజమానులు 20 దగ్గర ఆగారు, మిల్లులకు తాళాలు పడ్డాయి. గాంధీ నిరాహారదీక్షకి దిగాక మధ్యవర్తికి అప్పజెప్పారు. ఆ మధ్యవర్తి చివరికి 35 శాతమే ఇమ్మన్నాడు. రెండు వైపులా సంఘాలు ఉండి, మధ్యవర్తి తీర్పుకి ఇద్దరూ కట్టుబడే పద్ధతి మన దేశంలో నాటుకున్నది ఆ గొడవతోనే.

ఆ మరుసటి ఏడాదే అంతర్జాతీయ కార్మిక సంస్థ వచ్చింది. ప్రతి దేశం ప్రభుత్వం తరఫున ఇద్దరినీ, యజమానుల తరఫున ఒకరినీ, కార్మికుల తరఫున ఒకరినీ పంపాలి. పంపాలంటే దేశం మొత్తానికి మాట్లాడే సంఘం ఒకటి కావాలిగా? మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. అక్కడ దక్షిణాది యజమానుల ఫెడరేషన్ 1920లో, బొంబాయిలో అఖిల భారత స్థాయిది 1933లో ఏర్పడ్డాయి.

అలా యజమానుల తరఫున కూర్చునే కుర్చీ విలువ మన మిల్లుల దాకా వస్తుంది. 1948 కనీస వేతనాల చట్టం జాబితాలో మొదటి రోజు నుంచీ రైస్ మిల్లులు ఉండేవి. ఆ చట్టం కూడా 2025 నవంబర్ 21న పోయి వేతనాల కోడ్ వచ్చింది. రేటు నిర్ణయించే కమిటీలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. యజమానుల ప్రతినిధి ఎవరంటే అసోసియేషన్ పేరు పంపినవాడే. ఆ మనిషి రోజుకి వందల టన్నులు ఆడించే ఉప్పుడు బియ్యం మిల్లు ఓనరైతే మీ ఇబ్బంది ఆయనకి తట్టదు. ఇది మా దగ్గర పచ్చిగా కనిపించిన విషయం. పెద్ద మిల్లులో ఎలివేటర్లు, కన్వేయర్లు ఉంటాయి, బస్తా మనిషి భుజం మీదకి ఎక్కేది రెండుసార్లే. చిన్న మిల్లులో అదే బస్తా నాలుగుసార్లు చేతులు మారుతుంది. కాగితం మీద పెరిగేది అందరికీ ఒకటే రూపాయి. జేబులోంచి పోయేది మాత్రం ఒకటి కాదు. పెద్దాయన "సర్లే ఇచ్చేద్దాం, గొడవెందుకు" అని ఉదారంగా అన్నప్పుడల్లా చిన్న మిల్లులవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

సర్కారు పనుల విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకండి. లెవీ, అంటే ఆడిన బియ్యంలో కొంత తప్పనిసరిగా సర్కారుకి అమ్మాలన్న పద్ధతి, పోయింది 2015 అక్టోబర్‌లో. ఇప్పుడు కస్టమ్ మిల్లింగ్, అంటే సర్కారు ధాన్యాన్ని కూలీకి ఆడించి ఇవ్వడం. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. కేంద్రం ఇచ్చే ఆడింపు కూలీ పచ్చికి క్వింటాకి 10 రూపాయలు, ఉప్పుడుకి 20. ఇది చాలదని నేను మీటింగ్‌కి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచీ వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాం, ఫొటోలు దిగుతూనే ఉన్నాం. తౌడు, నూక మిగిలితేనే మిల్లు నడుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. కూలీ రేటు కలిసి మాట్లాడుకోవడం వేరు, బియ్యం ఎంతకి అమ్మాలో, రైతు దగ్గర ఎంతకి కొనాలో కలిసి నిర్ణయించుకోవడం వేరు. రెండోది పోటీ చట్టం కింద నేరుగా తగులుకునే వ్యవహారం. 2012లో సిమెంట్ కంపెనీలకి 6,000 కోట్లు దాటి జరిమానా పడింది, వాళ్ళ సంఘాన్ని కూడా వదల్లేదు. మీటింగ్‌లో ఎవరైనా "ఈ వారం బస్తాకి ఇంతకు మించి ఎవరూ పెట్టొద్దు" అంటే లేచి బయటికొచ్చేయండి. వాట్సాప్ గ్రూపులో అలాంటి మెసేజ్ వస్తే బొటనవేలు గుర్తు కూడా పెట్టకండి.

చందా కట్టేముందు నాలుగు సంగతులు అడగండి. సంఘం దేని కింద రిజిస్టరైంది? సొసైటీల చట్టం కిందా, ట్రేడ్ యూనియన్ గానా? ఆశ్చర్యంగా ఉంటుంది గానీ యజమానుల సంఘం కూడా ట్రేడ్ యూనియన్‌గా నమోదు కావచ్చు, 1926 చట్టంలోనే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఓటు మిల్లుకి ఒకటా, కెపాసిటీని బట్టా? పోయిన ఏడాది ఆడిట్ లెక్కలు చూపిస్తారా? రేట్ల కమిటీలో చిన్న మిల్లులవాళ్ళు ఎంతమంది? చివరి ప్రశ్నకి నీళ్ళు నమిలితే, చేరిన మొదటి మీటింగ్‌లోనే ఆ కమిటీకి మీ పేరు ఇచ్చేయండి. దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి ఫిబ్రవరి దాటకుండా చూసుకోండి.